‘పిచ్చాసుపత్రి నుంచి వచ్చినోడి మాట ఎవరు నమ్ముతారు?’ మానసిక ఆసుపత్రి మీద ఫిర్యాదు ఎలా చేయాలి

ప్రశ్న: మా తమ్ముడికి 26 ఏళ్లు. ఎవరో తరుముతున్నారని భయపడుతూ నిద్రపోకపోతుంటే నాన్న ఒక ప్రైవేటు మానసిక ఆసుపత్రిలో చేర్పించారు. 47 రోజులు ఉంచారు. ఫోన్ ఇవ్వలేదు. మొదటి మూడు వారాలు మమ్మల్ని చూడనివ్వలేదు. గుండు కొట్టించారు. ఒక రాత్రంతా మంచానికి కట్టేశారట. ఇంటికొచ్చి నెల కావస్తోంది, ఇప్పుడు బాగానే ఉన్నాడు. ఫైలు అడిగితే ‘అది ఆసుపత్రిది, ఇవ్వం’ అన్నారు. ఫిర్యాదు చేద్దామంటే తమ్ముడే ‘పిచ్చాసుపత్రి నుంచి వచ్చినోడి మాట ఎవరు నమ్ముతారక్కా’ అంటున్నాడు. నాన్నకేమో ఈ గొడవ ఇష్టం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు:

ముందు మీ తమ్ముడి మాటకే జవాబు చెప్తాను. నేను చూసినంతలో చాలా ఫిర్యాదులు కాగితం మీదికి రాకముందే ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోతాయి.

నేను చాలా ఏళ్లు ఆసుపత్రుల్లో సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌గా పనిచేశాను. ఆ తర్వాత నుంచి రోగుల తరఫున, వాళ్ల ఇళ్లవాళ్ల తరఫున అర్జీలు రాసిపెడుతున్నాను. అంటే బల్లకి రెండు వైపులా కూర్చున్నవాణ్ణి. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మా వార్డులో ఒక పెద్దాయన ఉండేవారు. తన చెప్పులు రాత్రిళ్లు ఎవరో వేసుకెళ్తున్నారని రోజూ చెప్పేవారు. మేం కేస్ షీట్లో ‘అనుమానాలు కొనసాగుతున్నాయి’ అని రాశాం. మందు డోసు పెంచాలా అన్న చర్చ కూడా నడిచింది. తీరా చూస్తే నైట్ డ్యూటీ వార్డు బాయ్ ఆయన చెప్పులేసుకునే రోజూ టీకి వెళ్తున్నాడు. ఆ కేస్ షీట్లో రాసిన చేతుల్లో నాదీ ఒకటి. అందుకే చెప్తున్నాను, మీ తమ్ముడి భయం ఊరికే పుట్టింది కాదు. కానీ చట్టం మాత్రం ఆ భయం వైపు లేదు.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018లో అమల్లోకి వచ్చింది. ఒక మనిషికి మానసిక జబ్బు ఉందని తేలినంత మాత్రాన అతను ‘మతి స్థిమితం లేనివాడు’ అని అర్థం కాదని ఆ చట్టం మొదట్లోనే, 3వ సెక్షన్‌లో రాసి ఉంది. ఆ మాట చెప్పాల్సింది కోర్టు మాత్రమే. సాక్ష్యాల చట్టం కూడా అంతే. అడిగిన ప్రశ్న అర్థం చేసుకుని పొంతనగా జవాబు చెప్పగలిగితే చాలు, జబ్బు ఉన్న మనిషి సాక్ష్యం చెల్లుతుంది. ఇక ఫిర్యాదు హక్కును 28వ సెక్షన్ ఎవరికిచ్చిందో చూడండి: మొదట ఆ రోగికి, ఆ తర్వాత అతని ప్రతినిధికి (చట్టం మాటలో ‘నామినేటెడ్ రిప్రజెంటేటివ్’, అంటే చికిత్స విషయాల్లో అతని తరఫున నిలబడే మనిషి). కాబట్టి ఈ ఫిర్యాదు మీ తమ్ముడి పేరు మీదే వెళ్లాలి, అతని సంతకంతోనే. మీరు పక్కన ఉండండి. ‘మా తమ్ముడికి ఇలా జరిగింది’ అని మీరు రాసే కాగితం కన్నా ‘నాకు ఇలా జరిగింది’ అని అతను రాసే కాగితం బరువు ఎక్కువ.

ఇప్పుడు అతన్ని కూర్చోబెట్టి ఒకే ప్రశ్న అడగండి: ‘నీకు ఏం కావాలి?’ ఫైలు కావాలా? తప్పు జరిగిందని ఒప్పుకుంటూ ఒక ఉత్తరం కావాలా? ఇంకెవరికీ గుండు కొట్టించకుండా ఆపాలా? డబ్బు వెనక్కి కావాలా? ఆ రాత్రి కట్టినవాడికి శిక్ష పడాలా? ఇది నేను ఊరికే అడగడం లేదు. ఒక్కో కోరికకి ఒక్కో తలుపు ఉంది. కోపం మీద ఉన్నప్పుడు మనవాళ్లు కలెక్టరు నుంచి రాష్ట్రపతి దాకా అందరికీ ఒకే ఉత్తరం పది కాపీలు పంపుతారు. పదిచోట్ల నుంచీ ‘సంబంధిత అధికారికి పంపడమైనది’ అని జవాబు వస్తుంది. ఆ సంబంధిత అధికారి ఎవరో ముందే తెలుసుకుని నేరుగా అక్కడికే వెళ్తే ఆరు నెలలు మిగులుతాయి.

రెండో ప్రశ్న ఆసుపత్రిని అడగాల్సింది: ‘మా తమ్ముణ్ణి ఏ సెక్షన్ కింద చేర్చుకున్నారు?’ చాలా కుటుంబాలకు ఇలాంటి ప్రశ్న ఒకటుందనే తెలియదు. కేసు సగం దీని మీదే నిలబడుతుంది. తనంతట తాను ఒప్పుకుని చేరితే అది 86వ సెక్షన్. అలా చేరిన మనిషి ‘నేను వెళ్తాను’ అంటే పంపించాల్సిందే. పంపడం ప్రమాదమని డాక్టరుకి అనిపిస్తే పరీక్షించడానికి 24 గంటలు ఆపవచ్చు, అంతే. ఇంట్లోవాళ్లు సంతకం పెట్టి చేరిస్తే అది 89. దానికి అదే రోజుగానీ అంతకుముందు వారంలోగానీ ఇద్దరు విడివిడిగా పరీక్షించి ఉండాలి, అందులో ఒకరు సైకియాట్రిస్టు అయ్యుండాలి. చేర్చుకున్న సంగతి 7 రోజుల్లో మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకి (ఈ చట్టం కింద రోగుల అర్జీలు వినే బోర్డు) తెలపాలి. ఆడవాళ్లయినా మైనర్లయినా 3 రోజుల్లోనే తెలపాలి. ఈ 89 కింద ఉంచగలిగేది 30 రోజులు. అది దాటితే 90వ సెక్షన్ వస్తుంది. అప్పుడు ఇద్దరు సైకియాట్రిస్టులు విడివిడిగా పరీక్షించాలి, బోర్డుకి మళ్లీ తెలపాలి, బోర్డు 21 రోజుల్లోగా అనుమతి ఇవ్వడమో డిశ్చార్జ్ చేయమనడమో చేయాలి.

మీవాడు 47 రోజులున్నాడు. నాన్నగారి సంతకంతో చేరాడు కాబట్టి 89 అయ్యుంటుంది. అంటే 30వ రోజు తర్వాత కథ మారాలి. ‘31వ రోజు నుంచి ఏ అధికారంతో ఉంచారు, బోర్డుకి పంపిన కాగితం ఏది?’ అని ఒక్క వాక్యం రాస్తే ఆసుపత్రి దగ్గర జవాబు ఉండాలి. ఉంటే మంచిదే, చూపిస్తారు. లేకపోతే మీ ఫిర్యాదులో అన్నిటికన్నా గట్టి అంశం ఇదే అవుతుంది. దీనికి ఎవరి మాటా నమ్మాల్సిన పని లేదు, తేదీలు చాలు. ఒకవేళ వాళ్లు తెలివిగా ‘అబ్బే, ఇష్టపడే చేరాడు, 86 కింద’ అన్నారనుకోండి. అప్పుడు అడగండి: ఇష్టపడి చేరిన మనిషికి ఫోన్ ఎందుకివ్వలేదు, ఇంటికి పంపమన్నప్పుడు ఎందుకు పంపలేదు?

మీరు చెప్పిన మిగతావి అన్నీ ఒకే బరువువి కావు. అన్నీ కలిపి ‘నరకం చూపించారు’ అని రాస్తే గట్టివి కూడా పలచబడిపోతాయి. అందుకే విడదీసి చూద్దాం.

గుండు సంగతిలో అనుమానమే లేదు. బలవంతంగా తల గొరిగించకూడదని 20వ సెక్షన్‌లో అక్షరాలా రాసి ఉంది. పేలు పట్టాయి, శుభ్రత కోసం చేశాం అని చెప్తారు. అతని ఒప్పుకోలు ఏదని అడగండి. అదే సెక్షన్‌లో సొంత బట్టలు వేసుకునే హక్కు, శుభ్రమైన తిండి, మరుగుదొడ్డి, ఒంటికి చాటు, ఆడవాళ్లకి నెలసరి సమయంలో కావాల్సినవి, పని చేయిస్తే కూలి ఇవ్వడం, తిట్లూ దెబ్బలూ లైంగిక వేధింపులూ లేకుండా కాపాడటం, ఇవన్నీ ఉన్నాయి. వార్డు ఊడిపించడం, వంటగదిలో కూరగాయలు తరిగించడం ‘థెరపీ’ పేరుతో నడుస్తుంటుంది. బలవంతపెడితే అది థెరపీ కాదు.

ఫోన్, చూడటానికి వచ్చేవాళ్ల విషయం కొంచెం మెలిక. 26వ సెక్షన్ ప్రకారం ఫోన్లు చేసుకునే, మనుషుల్ని కలిసే హక్కు ఉంది. కానీ ఆసుపత్రి సమయాలకీ నియమాలకీ లోబడి. రోజులో ఒక గంటే ఫోన్ ఇస్తామంటే తప్పనలేం. ఫోన్ అసలే ఇవ్వకపోవడం, మూడు వారాలు ఇంట్లోవాళ్లని కలవనివ్వకపోవడం నియమం కాదు, అది నిషేధం. పైగా నామినేటెడ్ రిప్రజెంటేటివ్, లాయరు, బోర్డు సభ్యులు, జడ్జి లాంటివాళ్లని ఏ నియమం పేరుతోనూ ఆపకూడదు. నాన్నగారే సంతకం పెట్టినవారు కాబట్టి ఆయన్ని కూడా మూడు వారాలు ఆపారా అన్నది తేల్చుకోండి. ఆపి ఉంటే అది వేరుగా రాయాలి.

మంచానికి కట్టడం. ఇక్కడ మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. కట్టడం ప్రతిసారీ చట్టవిరుద్ధం కాదు. ఆ క్షణంలో తనకో పక్కవాళ్లకో దెబ్బ తగిలే ప్రమాదం ఉండి, ఆపడానికి ఇంకే దారీ లేనప్పుడు, సైకియాట్రిస్టు అనుమతితో, అవసరమైనంతసేపే కట్టవచ్చని 97వ సెక్షన్ ఒప్పుకుంటుంది. కానీ షరతులు గట్టివి. ఎందుకు కట్టారో, ఎప్పుడు కట్టారో, ఎప్పుడు విప్పారో కేస్ షీట్లో రాయాలి. 24 గంటలు దాటకుండా ప్రతినిధికి తెలపాలి. ప్రతినెలా ఇలాంటివన్నీ బోర్డుకి నివేదించాలి. శిక్షగా కట్టకూడదు. రాత్రి డ్యూటీకి మనుషులు తక్కువున్నారని కట్టకూడదు. రాత్రంతా కట్టారంటే నాకు ఈ ఆఖరిదాని మీదే అనుమానం, అనుభవం కొద్దీ అంటున్నాను. నాన్నగారికి మర్నాడు ఎవరైనా చెప్పారా? చెప్పకపోతే అది చాలు. ఒంటరిగా గదిలో వేసి తాళం పెట్టడం మాత్రం ఏ కారణంతోనూ కుదరదు. గొలుసులైతే అసలే కుదరదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక ఆశ్రమానికి నిప్పంటుకుంటే గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది కదల్లేక కాలిపోయారు. ఇప్పటి చట్టంలో గొలుసు ఏ రూపంలోనూ వద్దని 95వ సెక్షన్ అంటుంది. మత్తు, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా కరెంటు చికిత్స చేయడం కూడా అదే సెక్షన్ నిషేధం.

ఇష్టం లేకపోయినా ఇంజెక్షన్ ఇచ్చారని చాలామంది రాస్తారు. సొంతంగా నిర్ణయించుకోలేని స్థితిలో ఉన్నప్పుడు ప్రతినిధి ఒప్పుకోలుతో 89 కింద చికిత్స చేయవచ్చు. ప్రాణం మీదికి వచ్చే అత్యవసరంలో 72 గంటల దాకా చికిత్సకి వేరే వెసులుబాటు ఉంది. కాబట్టి ఆ అంశం రాసేటప్పుడు ఆచితూచి రాయండి.

ఫైలు. ‘అది ఆసుపత్రిది’ అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కాగితం వాళ్లదే, అందులోని సమాచారం రోగిది. 25వ సెక్షన్ ప్రకారం ప్రాథమిక వైద్య రికార్డులు చూసే హక్కు అతనికి ఉంది. వెల్లడిస్తే అతనికి తీవ్రమైన మానసిక హాని, లేదా వేరేవాళ్లకి హాని జరుగుతుందనుకుంటే ఆ భాగం మాత్రం ఆపవచ్చు. ఆపినప్పుడు ‘దీనిమీద మీరు బోర్డుకి వెళ్లవచ్చు’ అని వాళ్లే చెప్పాలి. దీనికి తోడు డాక్టర్ల వృత్తి నియమావళి, 2002 ప్రకారం రోగి రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. నోటితో అడిగితే నోటితోనే కాదంటారు. అందుకే రాసి అడగాలి. డిశ్చార్జ్ సమ్మరీతో సరిపెట్టుకోకండి. అడ్మిషన్ ఫారం, కేస్ షీట్, నర్సులు రాసే నోట్స్, మందుల చార్టు, కట్టినప్పటి రికార్డు, బోర్డుకి పంపిన సమాచారం కాపీ, ఇలా పేరుపేరునా అడగండి. నర్సింగ్ నోట్స్ మరిచిపోవద్దు. డాక్టర్లు రౌండుకి వచ్చినప్పుడు నాలుగు ముక్కలు రాసి వెళ్తారు. రాత్రి ఏం జరిగిందో రాసేది నర్సులే.

ఇక మొదటి ఉత్తరం. 28వ సెక్షన్ మెట్లు చెప్పింది: మొదట ఆ ఆసుపత్రి బాధ్యుడైన మెడికల్ ఆఫీసరుకి, అక్కడ తృప్తి కలగకపోతే మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకి, ఆ తర్వాత రాష్ట్ర మెంటల్ హెల్త్ అథారిటీకి. ‘ఎవరి మీద ఫిర్యాదో వాళ్లకే ఇవ్వడమేంటి’ అని అందరూ అడుగుతారు. జవాబు కోసం కాదు ఇచ్చేది, రసీదు కోసం. ఆ తేదీ నుంచి ‘మాకు తెలియదు’ అనే మాట వాళ్లకి ఉండదు. ఇంకొకటి, సీసీ కెమెరా రికార్డింగులు కొన్నాళ్లకి వాటంతటవే చెరిగిపోతాయి. ఇప్పటికే నెల అయింది కాబట్టి ఆలస్యం చేయకండి. ఆ తేదీల రికార్డింగు చెరపకుండా దాచమని మొదటి ఉత్తరంలోనే రాయండి.

ఎలా రాయాలో ఒక మచ్చు ఇస్తున్నాను, తేదీలు మీవి పెట్టుకోండి:

‘మెడికల్ ఆఫీసర్ ఇన్‌చార్జ్ గారికి. నేను ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు, 47 రోజులు, మీ ఆసుపత్రిలో ఇన్‌పేషెంటుగా ఉన్నాను. ఫలానా తేదీన నా ఒప్పుకోలు లేకుండా నా తల గొరిగించారు. ఫలానా తేదీ రాత్రి సుమారు 10 గంటల నుంచి తెల్లవారేవరకు నన్ను మంచానికి కట్టి ఉంచారు. మధ్యలో మూత్రానికి విప్పమని అడిగాను, విప్పలేదు. పక్క మంచం మీద ఉన్న వ్యక్తి చూశారు. నాకు ఫోన్ ఇవ్వలేదు. చేరిన రోజు నుంచి 21 రోజులు ఇంట్లోవాళ్లని కలవనివ్వలేదు. నన్ను ఏ సెక్షన్ కింద చేర్చుకున్నారో, 30 రోజులు దాటాక ఏ అనుమతితో ఉంచారో రాతపూర్వకంగా తెలపండి. కింద రాసిన రికార్డుల కాపీలు ఇవ్వండి. ఆ తేదీల సీసీ కెమెరా రికార్డింగు భద్రపరచండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే రివ్యూ బోర్డుకి వెళ్తాను.’

అంతే. ఒక పేజీ దాటనివ్వకండి. ‘రాక్షసులు’, ‘డబ్బు కోసం కక్కుర్తి’ లాంటి మాటలు ఒక్కటీ వద్దు. కోపం చూపిస్తే ‘ఇంకా జబ్బు తగ్గలేదు’ అని పక్కన పెట్టేస్తారు. ఇది అన్యాయమే, నాకూ తెలుసు. మామూలు రోగి కోప్పడితే కోపం అంటారు, మన రోగి కోప్పడితే లక్షణం అంటారు. అందుకే తేదీ, సమయం, జరిగింది, చూసినవాళ్లు, ఈ నాలుగే ఉండాలి. గుర్తులేని తేదీని గుర్తున్నట్టు రాయవద్దు. ‘మూడో వారంలో, తేదీ గుర్తులేదు’ అని రాస్తే తప్పేం లేదు. మందుల మత్తులో ఉన్నవాడికి తేదీలు ఎలా గుర్తుంటాయని బోర్డుకీ తెలుసు. తప్పు తేదీ రాస్తే మాత్రం మిగతావన్నీ దాంతో పాటు కూలిపోతాయి.

చేతికిస్తే కాపీ మీద సంతకం, ముద్ర, తేదీ వేయించుకోండి. వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు ట్రాకింగ్ కాగితం దాచుకోండి. వాట్సాప్‌లో పంపి నీలం టిక్కులు చూసి తృప్తి పడకండి.

జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా బోర్డు. ఈ బోర్డు గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే అసలు తలుపు ఇదే. దీని ఛైర్మన్ జిల్లా జడ్జి స్థాయి మనిషి, పదవిలో ఉన్నవారు గానీ రిటైరైనవారు గానీ. జిల్లా కలెక్టరు ప్రతినిధి ఒకరు, ఒక సైకియాట్రిస్టు, ఇంకో డాక్టరు ఉంటారు. మిగతా ఇద్దరు మానసిక జబ్బుతో బతికినవాళ్లో, అలాంటివాళ్లని చూసుకున్నవాళ్లో, వాళ్ల కోసం పనిచేసే సంస్థలవాళ్లో అయ్యుండాలి. అంటే మీ తమ్ముడి కథ చెప్పుకోవాల్సినచోట ఆ దారిలో నడిచిన మనిషి ఒకరు కూర్చునే వీలుంది. ఈ మాట మీ తమ్ముడికి తప్పకుండా చెప్పండి.

77వ సెక్షన్ కింద అర్జీ పెట్టాలి. ఫీజు ఒక్క రూపాయి లేదు, ఎవరైనా అడిగితే ఇవ్వకండి. అర్జీలో మీ తమ్ముడి పేరు, ప్రతినిధి పేరు, ఆసుపత్రి వివరాలు, ఏ హక్కు ఎక్కడ ఉల్లంఘించారు, మీకు ఏం కావాలి అన్నవి ఉండాలి. చూశారా, ‘నీకు ఏం కావాలి’ అని మొదట్లో అడగమన్నది ఇక్కడ పనికొస్తుంది. ఆ గడి ఖాళీగా వదిలేసిన అర్జీలు చాలా చూశాను. రాసుకున్న బాధంతా చదివి బోర్డువాళ్లు ‘అయితే మమ్మల్ని ఏం చేయమంటారు?’ అని అడిగితే ఇంటిల్లిపాదీ మొహమొహాలు చూసుకోవడమూ చూశాను. లాయరు పెట్టుకోవచ్చు, పెట్టుకోకపోయినా ఫర్వాలేదు, నమ్మిన మనిషిని వెంట తీసుకెళ్లవచ్చు. విచారణ నాలుగు గోడల మధ్యే జరుగుతుంది, పేపర్లవాళ్లు రారు. మామూలు అర్జీలు 90 రోజుల్లో తేల్చాలి. ‘89 కింద చేర్చుకోవడమే తప్పు, వదిలిపెట్టండి’ అనే అర్జీ అయితే 7 రోజుల్లోనే తేల్చాలి. తీర్పు నచ్చకపోతే 30 రోజుల్లో హైకోర్టుకి అప్పీలు ఉంది.

బోర్డు అడ్రసు, ఫోన్ నంబరు ప్రతి మానసిక ఆసుపత్రీ అందరికీ కనిపించేచోట పెట్టాలి, వెబ్‌సైట్‌లో కూడా పెట్టాలి. పెట్టలేదా? ఫోటో తీసుకోండి, అదీ ఒక ఉల్లంఘనే. కొన్ని జిల్లాలకి కలిపి ఒకే బోర్డు ఉండవచ్చు. చట్టం రాసినంత చురుగ్గా అన్నిచోట్లా బోర్డులు నడవడం లేదన్నది నిజం. పోస్టులు ఖాళీగా ఉంటాయి, వాయిదాలు పడతాయి. అందుకని బోర్డుకి పంపేటప్పుడే ఒక కాపీ రాష్ట్ర అథారిటీకి పంపండి. ఏ మానసిక ఆసుపత్రి మీదైనా, ఎవరు ఫిర్యాదు చేసినా, తనిఖీకి ఆదేశించే అధికారం 68వ సెక్షన్ అథారిటీకి ఇచ్చింది. రోగి పేరు బయటపెట్టడానికి భయపడేవాళ్లకి ఈ దారి బాగా పనికొస్తుంది. అలాగే ఆ ఆసుపత్రికి మానసిక ఆరోగ్య చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. మద్యం, డ్రగ్స్ మాన్పించే కేంద్రాలకీ ఇదే చట్టం వర్తిస్తుంది. అపార్ట్‌మెంట్ ఒకటి అద్దెకి తీసుకుని పదిమందిని పెట్టి ‘రిహాబ్’ అని బోర్డు కట్టినవాళ్లకి రిజిస్ట్రేషన్ లేదని తేలితే మిగతా వాదనలతో పెద్దగా పని ఉండదు.

మిగతా తలుపులు త్వరగా చెప్పేస్తాను. డబ్బు వెనక్కి రావాలి, నష్టపరిహారం కావాలి అంటే జిల్లా వినియోగదారుల కమిషన్. రెండేళ్లలోపు వేయాలి. డబ్బు తీసుకునే ఆసుపత్రి కాబట్టి మీకు వర్తిస్తుంది, అందరికీ ఉచితంగా చూసే సర్కారు ఆసుపత్రి అయితే వర్తించదు. డాక్టరు వృత్తి ధర్మం తప్పాడంటే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్. క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా. సర్కారు ఆసుపత్రిలో జరిగితే మానవ హక్కుల కమిషన్, జరిగిన ఏడాదిలోపు. జాతీయ కమిషన్‌కి తెలుగులోనే రాయవచ్చు. కానీ ఒకే విషయం జాతీయ కమిషన్‌కీ రాష్ట్ర కమిషన్‌కీ రెండింటికీ పంపకండి, ఒకచోట నడుస్తోందని రెండోచోట మూసేస్తారు. ఇన్సూరెన్సు కంపెనీ మానసిక జబ్బు అని క్లెయిము కొట్టేస్తే అది వేరే కథ. శరీర జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని 21వ సెక్షన్ అంటుంది. దానికి ముందు ఆ కంపెనీకే రాయాలి, తర్వాత ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్.

కొట్టడం, లైంగిక వేధింపు లాంటివి ఉంటే ఈ మెట్లేవీ అక్కర్లేదు. నేరుగా పోలీస్ స్టేషన్. లైంగిక నేరంలో బాధితురాలికి మానసిక వైకల్యం ఉంటే పోలీసులే ఆమె ఇంటికో ఆమె కోరినచోటికో వచ్చి ఫిర్యాదు రాసుకోవాలి. ఇవేవీ ఒకదానికొకటి అడ్డు కావు, బోర్డుకి వెళ్లినా కోర్టు హక్కు అలాగే ఉంటుందని 28వ సెక్షనే చెప్తుంది. ఈ చట్టాన్ని ఉల్లంఘించినవారికి మొదటిసారి 6 నెలల దాకా జైలు, లేదా 10 వేల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మళ్లీ చేస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా 50 వేల నుంచి 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేసి ఫిర్యాదు చెప్పామని కొందరంటారు. అది మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి, మంచి సేవే, కానీ ఫిర్యాదుల కౌంటర్ కాదు. ఫిర్యాదుకి సాయం కావాలంటే న్యాయ సేవాధికార సంస్థ, 15100. కోర్టు ఆవరణలో వాళ్ల ఆఫీసు ఉంటుంది. 27వ సెక్షన్ ప్రకారం మీ తమ్ముడికి ఉచితంగా లాయరుని పెట్టాలి. నిజానికి ఆసుపత్రి బాధ్యుడే ఈ సంగతి అతనికి చెప్పి ఉండాలి. చెప్పారేమో అడిగి చూడండి, నవ్వుతాడు.

ఇది చదివేవాళ్లలో ఎవరిదైనా మనిషి ఇప్పటికీ లోపలే ఉంటే, వాళ్లకి రెండు ముక్కలు. లోపలున్న మనిషికి బోర్డుకి అర్జీ పెట్టే ఫారాలు ఆసుపత్రే ఇవ్వాలి, బోర్డుకి ఫోన్ చేసుకోవడానికి డబ్బు తీసుకోకూడదు. రాయలేని పరిస్థితి అయితే నోటి మాటగా, ఫోన్‌లో చెప్పినా బోర్డు ప్రత్యేక పరిస్థితుల్లో అర్జీగా తీసుకోవచ్చు. రిజిస్టరైన స్వచ్ఛంద సంస్థ మనిషి కూడా రోగి ఒప్పుకోలుతో అర్జీ పెట్టవచ్చు. బోర్డూ పలకక, ఆసుపత్రీ వదలక, మనిషిని దాచేసినట్టు ఉంటే హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే ఆ మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని అడిగే పిటిషన్. దీనికి మాత్రం లాయరు కావాలి.

ఇక మీ ఇంటి సంగతి. నాన్నగారికి ఇష్టం లేదన్నారు. ఆయన్ని తప్పు పట్టకండి, ఆ సంతకం పెట్టింది ఆయన. కొడుక్కి గుండు కొట్టించారని ఒప్పుకుంటే తనే చేయించినట్టు ఆయనకి అనిపిస్తుంది. ‘ఇది మీ మీద ఫిర్యాదు కాదు నాన్నా, మీకు చెప్పకుండా చేసినందుకు ఫిర్యాదు’ అని మీ తమ్ముడే చెప్తే బాగుంటుంది, నిజం కూడా అదే. ఆయన ఒప్పుకోకపోయినా ఫిర్యాదు ఆగదు. మీ తమ్ముడు మేజర్, ఇప్పుడు తన నిర్ణయం తను తీసుకోగలడు. మామూలు తెల్లకాగితం మీద ‘మా అక్కని నా నామినేటెడ్ రిప్రజెంటేటివ్‌గా నియమించుకుంటున్నాను’ అని రాసి సంతకం పెడితే 14వ సెక్షన్ ప్రకారం సరిపోతుంది. మీరూ ఒప్పుకుంటున్నట్టు దాని మీదే రాయండి. ఇష్టం మారితే ఎప్పుడైనా మార్చుకోవచ్చు. రేపెప్పుడైనా మళ్లీ జబ్బు తిరగబెడితే ఆసుపత్రి మిమ్మల్నే అడగాలి. ఇంకా ముందుకెళ్లి, ‘నాకు ఫలానా చికిత్స వద్దు, ఫలానాచోట చేర్చవద్దు’ అని అడ్వాన్స్ డైరెక్టివ్ కూడా రాసిపెట్టుకోవచ్చు. ఫిర్యాదు కన్నా ఇది ముఖ్యమని ఒక్కోసారి అనిపిస్తుంది నాకు.

మందులు మాత్రం ఆపనివ్వకండి. ఆ డాక్టరు మీద కోపంతో ఆ డాక్టరు రాసిన మందులు మానేసినవాళ్లు మళ్లీ అదే ఆసుపత్రికి చేరడం చూశాను. ఫిర్యాదు పంపేముందు ఇంకో సైకియాట్రిస్టుని చూసుకుని, మందుల చీటీ చూపించి, అక్కడ ఫాలో అప్ మొదలుపెట్టండి. ‘ఫిర్యాదు చేస్తే మందులివ్వరేమో’ అనే టెన్షన్ దాంతో పోతుంది.

ఈ రాత్రికి మీరు చేయాల్సింది ఒకటుంది. నాన్నగారి బీరువాలో అడ్మిషన్ రోజు ఇచ్చిన కాగితాలు ఉంటాయి, తీసి చూడండి. ఏ సెక్షన్ అని రాసి ఉందో, సంతకాలు ఎన్ని ఉన్నాయో, మీ తమ్ముడి సంతకం ఉందో లేదో చెప్పండి. అది తెలిస్తే బోర్డు అర్జీలో మొదటి పేరా ఎలా రాయాలో చెప్తాను.